గీత దాటగానే ఒళ్లు చేసిన నది

బ్రహ్మపుత్రను నేను చూడలేదు. చూస్తానన్న నమ్మకమూ లేదు. అస్సాం వెళ్లాలంటే మా ఆయన సెలవు పెట్టాలి. ఆయన సెలవు కాగితం వాళ్ల ప్రభుత్వాఫీసులో ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వెళ్లేలోపు ఆ నదే ఊరు మారిపోతుంది. అయినా సరే, ధుబ్రీ దాటాక ఏ ఇసుకతిన్నె మీద రేకుల ఇళ్లున్నాయో, ఏ పాయ ఎక్కడ విడిపోయి ఎక్కడ కలుస్తుందో నన్నడగండి, చెబుతాను. ఆ ఇళ్లూ ఆ పాయలూ గీసింది నేనే మరి.

హైటెక్ సిటీ అద్దాల మేడలు చూసి, లోపల ఏదో బ్రహ్మాండం బద్దలవుతోందని అనుకుంటారు బయటివాళ్లు. మా అంతస్తులో మేం చేసేది ముగ్గు పెట్టడం. ఉపగ్రహం తీసిన ఫొటో తెర మీద పెట్టుకుని, నీళ్లెక్కడ ఆగాయో ఇసుకెక్కడ మొదలైందో చూసి, ఒడ్డు వెంబడి చుక్క తర్వాత చుక్క పెట్టుకుంటూ పోవాలి. చుక్కలు కలిస్తే ఒడ్డు. రెండు ఒడ్లు కలిపి నీలం నింపితే నది. ఎక్కడో ఉన్న క్లయింటు దాన్ని కొనుక్కుని మీ ఫోన్లోకి పంపిస్తాడు. మీరు వేలితో పెద్దది చేసి చూసి, "అబ్బో, శాస్త్రం ఎంత ఎదిగింది" అనుకుంటారు. ఎదిగింది శాస్త్రం కాదు బాబూ, నా మెడనొప్పి.

నేను భూగోళశాస్త్రం ఎమ్మే చదివాను. నిజాంపేటలో ఒక బడిలో చాలాకాలం సోషల్ చెప్పాను. నదుల పాఠం అంటే ఎక్కడ పుట్టింది, ఎక్కడ కలిసింది, మధ్యలో ఏ ఆనకట్ట ఉంది, అంతే. పిల్లలకి అదీ ఎక్కువే. మధ్యవయసు వచ్చాక ఈ ఉద్యోగంలో చేరాను. ఏసీ కోసం చేరానని మా ఆయన అంటాడు. అబద్ధమని ఎలా అనగలను? కానీ మాది కాంట్రాక్టు. ఏటేటా కొత్తగా రాయాలి. పెద్ద తప్పు అనేది ఒక్కటి పేరు మీద పడిందంటే ఇక రాయరు.

నాతో పాటు అదే క్యాబ్‌లో ఇంకొకావిడ వచ్చేది. నేను నిజాంపేటలో ఎక్కేసరికి ఆవిడ బాచుపల్లిలోనే ఎక్కి కిటికీ సీటు కబ్జా చేసి ఉండేది. అక్కడే పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల తాతల ఊరు ఇప్పుడు అపార్ట్‌మెంట్ల మధ్య ఒక బస్టాపు పేరుగా మిగిలింది. నాకంటే నాలుగేళ్లు చిన్న, నోరు మాత్రం నా ఈడుదే. వాళ్లాయన నడుము దెబ్బతిని ఇంట్లో ఉన్నాడు కాబట్టి ఆవిడ జీతంతోనే ఇల్లు నడుస్తుంది. నన్ను "అక్కా" అంటుంది, ఆ ఒక్క మర్యాదతో మిగతా అమర్యాదలన్నీ కప్పేస్తుంది. మేమిద్దరం పోట్లాడుకోకుండా ఆఫీసు చేరిన రోజు, బండిలో ఎవరికో ఒంట్లో బాగాలేదని డ్రైవరు అనుకునేవాడు.

బ్రహ్మపుత్ర పని వచ్చినప్పుడు, దేశాల సరిహద్దు గీత దగ్గర నదిని రెండు ముక్కలు చేసి రెండు జట్లకి పంచారు. ఇటు ముక్క మాది, అటు ముక్క వాళ్లది. మధ్యలో నడవా. ఈ నది సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: టిబెట్‌లో దీని పేరు సాంగ్‌పో, మన దేశంలో బ్రహ్మపుత్ర. మనవాళ్లు దీన్ని నది కాదు, నదం అంటారు, అంటే మగ. మిగతావన్నీ తల్లులూ చెల్లెళ్లూ, ఇదొక్కటి కొడుకు. ఆ కొడుకు బంగ్లాదేశ్‌లో కాస్త దూరం పోయాక జమున అయి కూర్చుంటాడు. మన ఇళ్లలో గడప దాటితే ఇంటిపేరు మారేది ఆడవాళ్లకే కదా, ఇక్కడ ఒక మగవాడు గీత దాటి అసలు పేరే వదులుకున్నాడు. బడిలో ఈ ముక్క చెప్పినందుకు హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిపించాడు. ఇక్కడ అలాంటి బాధల్లేవు.

వారం తిరిగేసరికి నడవా అంతర్జాతీయ సరిహద్దు అయిపోయింది. ఇటు మేం ఇండియా, అటు వాళ్లు బంగ్లాదేశ్. నా స్నేహితురాలు అటు. నీళ్ల క్యాను సరిగ్గా నడవాలో ఉండేది కాబట్టి దాని మీద రోజూ పంచాయితీ.

"పైనున్నోళ్లు మొత్తం తాగేస్తే కిందోళ్లం ఏం తాగాలె?" అని బంగ్లాదేశ్ నిలదీసేది.

"మీ దేశంలో ఏసీ తగ్గించండి, మంచు మా మీద పడుతోంది" అని ఇండియా అరిచేది.

నేను ఆవిడ బల్ల దగ్గరికి వెళితే, "వీసా ఉందా అక్కా?" అని అడిగి, నా డబ్బాలో ఏముందో చూసి మరీ లోపలికి రానిచ్చేది. అందరూ మణికొండలోనో నిజాంపేటలోనో కిరాయికి ఉండేవాళ్లే. ఒక్కడూ ఆ నది ముఖం చూసినవాడు కాదు. దేశభక్తికి మాత్రం లోటు లేదు.

రెండు ముక్కలూ కలిపిన రోజు గోడమీది పెద్ద తెర మీద చూపించారు. మా వైపునుంచి నది సన్నసన్న పాయలుగా, చిక్కు తీయని జడలాగా ఇసుక మధ్యలోంచి వచ్చింది. గీత దగ్గరికి రాగానే ఒక్కసారిగా సముద్రం. అడుగు అవతల ఇసుకా లేదు, పాయా లేదు, అంతా నీలమే. ఒక చేయి చిన్నపిల్ల కొలతకీ, రెండో చేయి వాళ్ల నాయనమ్మ కొలతకీ కుట్టిన జాకెట్టులా ఉంది. అందరూ నవ్వారు. ఇటు ఆ తిన్నెలు గీసింది నేను, ఆ సముద్రం గీసింది ఆవిడ. మేమిద్దరం నవ్వలేదు.

కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. క్లయింటు నాకిచ్చిన ఫొటో మాఘమాసపు ఎండలో తీసింది. ఆవిడకిచ్చింది వానలు వెనకపట్టి మబ్బు విడిచిన మొదటి రోజుల్లో తీసింది. ఇచ్చిన ఫొటోలో ఉన్నది ఉన్నట్టు గీయాలని నియమం. ఇద్దరం ఉన్నదే గీశాం.

క్వాలిటీ మేనేజరని ఒకాయన ఉండేవాడు, గుంటూరు మనిషి, మంచివాడు. మంచివాళ్లతోనే వస్తుంది చిక్కు. మమ్మల్నిద్దర్నీ చిన్న గదిలోకి పిలిచాడు.

"మేడమ్ గారూ, గీత దాటగానే నది అంత లావవదు కదండీ. ఎవరో ఒకరిది తప్పుండాలి కదండీ."

"మీ పెళ్లి ఫొటో ఉందా?" అన్నాను.

"ఉందండీ."

"అందులో ఎలా ఉన్నారు, ఇప్పుడెలా ఉన్నారు? రెంటిలో ఏది తప్పంటారు?"

ఆయన చొక్కా కిందికి లాక్కుని, "అది వేరండీ" అన్నాడు. ఇది పెద్ద తప్పు కిందికి వస్తుందట. సిస్టమ్‌లో ఒక్క పేరే పడుతుందట. వచ్చే సోమవారం దాకా మీలో మీరు తేల్చుకోండి అన్నాడు. ఇద్దరు ఆడవాళ్లని ఒక గదిలో పెట్టి, మీలో ఎవరు పోతారో మీరే తేల్చుకోమనడం ఎంత తేలికో చూడండి.

ఆ సాయంత్రం క్యాబ్‌లో ఆవిడే మొదలుపెట్టింది.

"అక్కా, ఒక్క మాటడుగుత. చెరువంటే ఏంది?"

"పాఠం నాకు చెప్పకు."

"నీళ్లు నిండినప్పుడు ఎంతదాంక వస్తయో అంతా చెరువే. ఎండినంక బయటపడ్డ జాగ శిఖం. శిఖం గూడ చెరువుదే. మా ఊర్ల చిన్నపోరగాన్ని అడిగినా చెప్తడు. నది గూడ గంతే. నిండినప్పుడు సూడాలె. నువ్వు ఎండినంక చూసి, శిఖం మొత్తం భూమి అని రాసినవ్."

నాకు మండింది. మా అమ్మమ్మ వాళ్లది గోదావరి లంక. వరదకి కొన్నాళ్లు నీళ్ల కింద ఉంటుంది, వరద తీయగానే ఆ ఒండ్రులో అరటీ పొగాకూ పుచ్చపాదులూ. పాకలున్నాయి, పట్టాలున్నాయి, కోళ్లున్నాయి, తగూలున్నాయి. మనుషులు తగువులాడుకునే చోటు భూమి కాకపోతే ఇంకేమిటి?

"మా లంకని నువ్వు నది అన్నావంటే మా అమ్మమ్మ స్వర్గంలోంచి దిగొస్తుంది, జాగ్రత్త" అన్నాను. "నేను గీసిన తిన్నెల మీద రేకుల ఇళ్లున్నాయి. పొయ్యి వెలిగించుకుంటున్నారక్కడ. నీ నీలంలో ముంచితే ఎక్కడికి పోతారు?"

"మీ అమ్మమ్మ దిగితే రాజమండ్రిల దిగుతది. ఈడికి రావాలంటే వీసా కావాలె."

మామూలుగా అయితే నవ్వేదాన్ని. నవ్వకుండా అనకూడని మాట అన్నాను. "అంత తెలిసినదానివి నీ ఫ్లాటు ఎక్కడ కొన్నావ్? చెరువు ఒడిలో కాదూ? వానొస్తే మీ సెల్లార్లో బళ్లు తేలుతాయి కదా!"

ఆవిడ కిటికీవైపు తిరిగింది. అటే చూస్తూ, "గందుకే చెప్తున్న" అంది. "ఆ బిల్డరు మాకు జాగ ఎండకాలంల చూపిచ్చిండు. నీ ఫొటో లెక్కనే. సాపు చేసిన నేల, వేపచెట్టు, అంతా మస్తుగుండె. అప్పుచేసి కొన్నం. మొదటి వానకే తెలిసింది మేం ఏడ ఉన్నమో. ఎండకాలం ఫొటో నమ్ముకుంటే ఏమయితదో నాకు తెలుసక్కా, నువ్వు చెప్పక్కర్లే."

ఆ తర్వాత ఆవిడ నాతో మాట్లాడలేదు. మర్నాడు కిటికీ సీటు నాకు వదిలేసి ముందు, డ్రైవరు పక్కన కూర్చుంది. ఆ సీటు కోసం ఇన్నేళ్లు పోట్లాడినదాన్ని, దొరికాక చూస్తే ఒట్టి ఎండ. ఆఫీసులో నడవా దాటి ఎవరూ రావడం లేదు. నీళ్ల క్యాను దగ్గర కూడా ఇండియా వాళ్లు నింపుకుని వెళ్లాక బంగ్లాదేశ్ వాళ్లు లేచేవాళ్లు. నేను పాత ఫొటోలు సంపాదించి నా తిన్నెలు ఎప్పటినుంచో ఉన్నాయని రుజువులు కూడబెట్టాను. ఆవిడ తన సముద్రానికి కూడబెట్టుకుంటోందని అవతలి జట్టులోంచి కబురొచ్చింది. ఇంట్లో మా ఆయనకి చెబితే, "ఎవరిదైతేనేం, నదికి తెలుసా ఏమిటి?" అన్నాడు. ప్రభుత్వోద్యోగి జవాబు అలాగే ఉంటుంది.

శుక్రవారం సాయంత్రం వాన. మా ఐటీ కారిడార్లో వానంటే ఏమిటో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఫ్లైఓవరు దిగి కొంచెం ముందుకు వెళ్లేసరికి రోడ్డు లేదు. డివైడరు మీది మొక్కల తలలు మాత్రం నీళ్లలో ఊగుతున్నాయి. స్కూటీ ఒకటి పడవలాగా పక్కకి తిరిగి మెల్లగా పోతోంది, దాని వెనకాల దాని యజమాని. డ్రైవరు బండి ఆపేశాడు. "ఇంజిన్ల నీళ్లు పోతయ్ మేడమ్. ఇగ ముంగటికి పోను." వెనక బళ్లు ఆగాయి కాబట్టి వెనక్కీ పోలేం.

ముందు సీట్లోంచి ఆవిడ ఫోను పట్టుకుని నావైపు తిప్పింది. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట.

"అక్కా, జర చూడు. మ్యాప్‌ల రోడ్డు మంచిగున్నది. పసుపు రంగుల మెరుస్తున్నది. ఇది నీ లెక్కన గీసినోడెవడో గీసిండు. దిగి నడువు మరి."

"నీ లెక్కన గీస్తే ఇది చెరువు. రేపు పొద్దున ఇక్కడ దుమ్ము లేస్తుంది. అప్పుడు నువ్వు దిగి ఈదు."

"చెరువే. ఎనకట ఇదంతా వాగే. మా నాయన ఈడ చేపలు పట్టిండు."

"ఇప్పుడూ పట్టొచ్చు. స్కూటీ ఒకటి వస్తోంది, పట్టు."

డ్రైవరు ముందు నవ్వాడు. తర్వాత ఆవిడ. నేను చివర, కొంచెం బెట్టు చేసి. బండి కదిలే ఆశ లేదని తేలాక ఆవిడ తడుచుకుంటూ దిగి వెనకసీట్లోకి వచ్చి, "జరుగు" అని మోచేత్తో పొడిచి కిటికీ సీటు మళ్లీ కబ్జా చేసింది. బ్యాగులోంచి వేయించిన పల్లీల పొట్లం తీసింది. కాసేపు తింటూ వాన చూశాం.

"సోమవారం ఏం చేద్దాం?" అన్నాను.

"సిస్టంల ఒక్క పేరే వడ్తదన్నడు గదా. ఇద్దరం నాదే తప్పు, నాదే తప్పు అంటే?"

నేను పల్లీ నములుతూ ఆలోచించాను. ఎవరికి వాళ్లం ఎదుటివాళ్లది తప్పని నిరూపిస్తే ఎవరో ఒకరిని తీసేయడం ఆయనకి సుఖం. ఇద్దరం తప్పు మాదేనని పోట్లాడితే, ఏ పేరు ఎక్కించినా రెండోది వదిలిపెట్టదు. దీన్ని త్యాగం అనుకునేరు. త్యాగాలు చేసే రకం కాదు మేం. ఇద్దరికీ ఉన్నది ఒకే విద్య, గొడవ పెట్టుకోవడం. దాన్ని ఇన్నాళ్లూ ఒకరి మీద ఒకరం దండగ చేసుకున్నాం.

సోమవారం పొద్దున క్వాలిటీ ఆయన గదికి ఇద్దరం కలిసే వెళ్లాం.

"తప్పు నాదండీ" అన్నాను.

"నీదెట్లయితది? నాది సార్. నా పేరు రాసుకోండ్రి."

"సీనియర్‌ని నేనుండగా ఆవిడ పేరెలా రాస్తారు? నాది రాయండి. రాయకపోతే పైవాళ్లకి మెయిల్ పెడతాను."

"అక్క పేరు రాస్తే నేను గూడ పెడ్త. నా తప్పు నాకు కాకుండ చేస్తున్నరని."

ఆయన ఒకసారి నావైపు, ఒకసారి ఆవిడవైపు చూశాడు. తప్పు నాది కాదని ఏడ్చినవాళ్లని చూశాడట గానీ, తప్పు కోసం కొట్టుకునేవాళ్లని చూడలేదట. లేచి వెళ్లి నడవాలో క్యాను దగ్గర నీళ్లు తాగొచ్చాడు. పైవాళ్లతో ఫోన్లో మాట్లాడి మధ్యాహ్నానికి మళ్లీ పిలిచాడు.

"ఎవరి పేరూ వద్దండీ. గీతకి అటూ ఇటూ కొంచెం దూరం తీసుకుని, సన్నంగా మొదలై మెల్లగా లావయ్యేలా కలిపేయండి. గరాటులాగా. అతుకు కనపడకపోతే చాలండీ."

"అలాంటి నది ఏ నెలలోనూ లేదు కదండీ" అన్నాను. "నా ఫొటోలో లేదు, ఆవిడ ఫొటోలో లేదు. రెండూ నిజమే, మధ్యలో ఇది అబద్ధం."

"నిజమేనండీ. కానీ నీట్‌గా ఉంటుందండీ."

ఆవిడ నా కాలు తొక్కింది. నోరు మూసుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆవిడ కుర్చీ ఈడ్చుకుంటూ నడవా దాటి ఇండియాలోకి వచ్చింది. "వీసా ఏదీ?" అన్నారెవరో. "మీ అక్క స్పాన్సర్ చేసింది" అంది. ఇద్దరం ఒకే తెర ముందు కూర్చున్నాం. ముందు ఆవిడ వైపు. సముద్రాన్ని సన్నం చేయాలంటే నీళ్లలో భూమి పుట్టించాలి. ఒక్కో చుక్క లోపలికి జరుపుతూ సణిగింది, "గిట్లనే అక్కా, మా చెరువు పూడ్చింది. ఇగ ఆ బిల్డర్‌గాన్ని తిట్టే మొఖం గూడ లేకుంట పాయె." చివరిదాకా సణుగుతూనే ఉంది, కానీ చేసింది.

తర్వాత నా వైపు. పాయల్ని లావు చేస్తూ పోతే నా తిన్నెలు ఒక్కొక్కటే నీలంలోకి పోయాయి. ఆ రేకుల కప్పులు నేను ఒక్కోటి నాలుగు చుక్కలతో కట్టినవి. ఒకదాని పక్కన పశువుల పాకలాంటిది కూడా ఉంది. మౌసు ఆవిడ చేతిలో ఉంది. ఆగింది.

"ఇండ్లు తీసెయ్యాల్నా అక్కా?"

తీసేయాలి. నీళ్లలో ఇళ్లుండకూడదని నియమం. నేను ఆ పశువుల పాకనే చూస్తున్నాను. ఆవిడ నా మొహం చూసింది. చూసి, తెరని పక్కకి జరిపి, తర్వాతి ఒడ్డు దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ అతుకుకి వంకపెట్టినవాడు లేడు. క్లయింటు ప్రత్యేకంగా మెచ్చుకుంటూ రాశాడట. మేం ఉన్నది ఉన్నట్టు గీసినదానికి ఎప్పుడూ రాని మెప్పు, లేని నదిని గీసినందుకు వచ్చింది. మా ఇద్దరి కాంట్రాక్టులూ రాశారు. ఆవిడ ఆ రోజు క్యాబ్‌లో డ్రైవరుకి కూడా స్వీటు పెట్టింది, నా వాటాలోంచి.

కొన్నాళ్లకి నా పేరు మీద చిన్న తప్పొకటి వచ్చింది. నీళ్లలో కట్టడాలున్నాయి, కారణం తెలపండి అని. చిన్న తప్పుకి ఎవరి ఉద్యోగమూ పోదు, ఒక వాక్యం జవాబు రాస్తే చాలు. సాయంత్రం క్యాబ్‌లో ఆవిడకి చూపించాను.

"ఏం రాద్దాం?"

"రాసేదేముంది? మా సెల్లార్ల నీళ్లొస్తయ్. మా బిల్డింగు మ్యాప్‌ల లేదా? గదే రాయి."

మర్నాడు అదే రాశాను, కొంచెం మర్యాదగా: వరదకాలంలోనూ అక్కడ జనం నివాసముంటారు, కట్టడాలు ఉంచవలెను. క్వాలిటీ ఆయన చదివి, ఇంకో మాట అడిగితే ఇద్దరం కలిసి వస్తామని భయపడ్డాడో ఏమో, వెంటనే ఆ తప్పుని మూసేశాడు. ఇళ్లు అక్కడే ఉన్నాయి. మీ ఫోన్లో వెతికితే, నీలం మధ్యలో బూడిదరంగు గళ్లలాగా కనిపిస్తాయి.

"చూశావా, లంక అని ఒప్పుకున్నారు" అన్నాను ఆ సాయంత్రం.

"లంకెక్కడిది? నీళ్లల్ల ఉన్నయని ఒప్పుకున్నరు. శిఖం."

"శిఖంలో కాపురాలు ఉంటాయా?"

"మేం లేమా?"

ఆవిడ దిగాల్సిన బాచుపల్లి ఇంకా దూరం ఉంది. నిజాంపేటలో నేను దిగాల్సిన చోటు వచ్చింది. తలుపు తీసి, ఒక కాలు కింద పెట్టి, నా జవాబు పూర్తిచేసేదాకా బండి కదలనివ్వలేదు.